పనితో పాటు సిస్టమూ ఇంటికి రావాలి

యూనివర్సిటీల్లో పనిచేసే అక్కచెల్లెళ్ళూ, ఇవాళ మీతో తీరిగ్గా కూర్చుని ఒక్క సంగతి మాట్లాడాలనుంది. పాఠాలు చెప్పేవాళ్ళతో కొంతా, పరీక్షల విభాగంలో, ఎకౌంట్స్‌లో, పెన్షన్ సెక్షన్‌లో, డీన్ ఆఫీసుల్లో రోజంతా ఫైళ్ళు నడిపేవాళ్ళతో ఇంకాస్త ఎక్కువా. "రేపటి నుంచి కొన్నాళ్ళు ఇంటి నుంచే చూసుకోమ్మా" అని పై అధికారి అనగానే మనం సరేనని తలూపి హ్యాండ్‌బ్యాగు సర్దేసుకుంటాం. బస్సు ప్రయాణం తప్పుతుంది, పిల్లలకి వేళకి అన్నం పెట్టొచ్చు అన్న సంతోషంలో అసలు ప్రశ్న మరుగున పడిపోతుంది. ఏ సిస్టమ్ మీద చెయ్యాలి? ఎవరిచ్చిన సిస్టమ్ మీద?

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైనప్పుడు ఆ ప్రశ్న అడిగే వ్యవధి ఎవరికీ లేకపోయింది. సెక్షన్‌లో డెస్క్‌టాపులు సెక్షన్‌లోనే ఉండిపోయాయి. అమ్మాయిలు తమ సొంత ఫోన్లలో, పిల్లల ఆన్‌లైన్ క్లాసులకి తప్ప ఇంకెవరికీ అందని ఒక్క ల్యాప్‌టాప్ మీద, అర్ధరాత్రిళ్ళు కూర్చుని జాబితాలు తయారుచేశారు. విద్యార్థులు ఇంటి దగ్గరే ఉండి చదువుకునే పద్ధతి మనకి కొత్తది కాదు. హైదరాబాదులో 1982లో మొదలైన సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇప్పుడు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో ఉన్నది, దేశంలోనే అలాంటి వాటిలో మొదటిది. విద్యార్థికి దూరం నుంచి ఏమేం కావాలో నాలుగు దశాబ్దాల కిందటే ఆలోచించిన మనం, ఉద్యోగికి ఏం కావాలో ఆపద ముంచుకొచ్చాక గానీ ఆలోచించలేదు. అప్పటి తొందర క్షమించదగ్గదే. ఇప్పుడు మాత్రం ఆ తొందర లేదు. ప్రసూతి తర్వాత కొన్నాళ్ళు ఇంటి నుంచి చేస్తామనేవాళ్ళున్నారు, తుపాను హెచ్చరికలుంటాయి, 2024 సెప్టెంబరులో విజయవాడలో బుడమేరు పొంగినప్పటిలా కాలనీలకి కాలనీలు నీళ్ళలో చిక్కుకునే రోజులుంటాయి. ముందే సిద్ధం చేసి ఉంచుకోవచ్చు.

ముందుగా నా మనసులో ఉన్న మాట చెప్పేస్తాను. ల్యాప్‌టాప్ హోదాని బట్టి కాదు, పనిని బట్టి ఇవ్వాలి. చాలాచోట్ల విభాగాధిపతికి ల్యాప్‌టాప్ ఉంటుంది, అది వారానికి రెండుసార్లు తెరుచుకుంటుంది. రోజుకి ఎనిమిది గంటలు టైపు చేసే జూనియర్ అసిస్టెంటుకి మాత్రం కదపలేని డెస్క్‌టాప్. ఇంటి నుంచి చెయ్యమన్నప్పుడు పని ఎవరి బల్ల మీద ఉందో వాళ్ళకే సిస్టమ్ అందాలి. అడగడానికి మొహమాటపడకండి. నోట్ పెట్టండి: ఫలానా పని ఇంటి నుంచి చెయ్యాలి, దానికి ల్యాప్‌టాప్, చార్జరు, హెడ్‌సెట్, ఇంటర్నెట్ ఖర్చు కావాలి అని రెండు పేరాల్లో రాసి, సూపరింటెండెంటు గారి ద్వారా పంపండి. నోటిమాటగా అడిగింది నోటిమాటగానే పోతుంది. ఫైలు మీద ఉన్నదానికి ఎవరో ఒకరు ఏదో ఒకటి రాయక తప్పదు.

ఇచ్చాక, తీసుకెళ్ళే ముందు స్టాక్ రిజిస్టరులో మీ పేరున ఎక్కించారో లేదో కళ్ళారా చూసుకోండి. సీరియల్ నంబరు ల్యాప్‌టాప్ అడుగున ఉంటుంది. చార్జరు, మౌస్, సంచీ కూడా రాయించండి. గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళకి ఇచ్చే గేట్ పాస్ నకలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. గీతలు, విరిగిన మూలలు ముందే ఉంటే ఫోన్‌తో ఫొటో తీసి స్టోర్స్ వాళ్ళకి ఆ రోజే పంపండి. ఇవన్నీ అనుమానంతో చేసేవి కాదమ్మా, అధికారులు మారిపోతుంటారు, మన పేరు మాత్రం రిజిస్టరులో అలాగే ఉంటుంది.

ఇంకొకటి చూడండి, ఆ ల్యాప్‌టాప్ మీద ఏ విండోస్ ఉంది? 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు భద్రతా అప్‌డేట్లు ఆపేసింది. స్టోర్స్‌లో మూలన ఉన్నది దుమ్ము దులిపి ఇచ్చేస్తే దాంట్లో అదే ఉండే అవకాశం ఎక్కువ. విండోస్ 11 వెయ్యాలంటే టీపీఎమ్ 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ ఇంటెల్‌దైతే ఎనిమిదో తరం గానీ ఆ తర్వాతది గానీ కావాలి. 4 జీబీ ర్యామ్‌తో ఎక్కుతుందని కంపెనీ లెక్క, కానీ వీడియో మీటింగు, బ్రౌజరు, ఎక్సెల్ మూడూ ఒకేసారి తెరిస్తే 8 జీబీ లేనిదే కదలదు. పాత హార్డ్ డిస్క్ ఉంటే తీసేసి ఎస్ఎస్‌డీ వెయ్యమనండి. కొత్త ల్యాప్‌టాప్ కొనే డబ్బులో చిన్న భాగంతో పాత సిస్టమ్‌కి ప్రాణం లేచొస్తుంది. కంప్యూటర్ సెంటర్ వాళ్ళని అడగాల్సిన ప్రశ్నలివి. "మాకవి తెలియవు" అని ఊరుకోవద్దు, అడిగితే వాళ్ళే సంతోషంగా చెప్తారు.

ఇక మీకు అన్నిటికంటే ముఖ్యంగా చెప్పాలనుకున్నది. సిస్టమ్ చేతికి రాగానే ఇంటికి తీసుకెళ్ళకండి. క్యాంపస్‌లోనే ఉండగా, మీ సెక్షన్‌లోనే కూర్చుని, యూనివర్సిటీ వైఫై తీసేసి, మీ ఫోన్ హాట్‌స్పాట్‌కి కలపండి. ఇప్పుడు ఆ ల్యాప్‌టాప్ దృష్టిలో మీరు ఇంట్లో ఉన్నట్టే. ఆ స్థితిలో రేపు చెయ్యాల్సిన పనులన్నీ ఒక్కొక్కటే చేసి చూడండి. బయటి నుంచి యూనివర్సిటీ నెట్‌వర్క్‌లోకి తీసుకెళ్ళే వీపీఎన్ కలుస్తోందా? సెక్షన్ ఫోల్డరు తెరుచుకుంటోందా? జీతాల సాఫ్ట్‌వేర్ మీ పాస్‌వర్డ్ తీసుకుంటోందా? ఆఫీసు మెయిలు, ఒక చిన్న వీడియో కాల్, మైకు, ప్రింట్ బదులు పీడీఎఫ్ చేసుకోవడం, అన్నీ. ఎక్కడ ఆగినా కంప్యూటర్ సెంటర్ అదే వరండాలో ఉంది, ఐదు నిమిషాల్లో ఎవరో వచ్చి సరిచేస్తారు. అదే తంటా ఇంట్లో వస్తే ఫోన్‌లో "ఎడమ పక్క కింద ఏముంది? ఏం రాసుంది?" అంటూ పూట గడిచిపోతుంది.

ఆ పరీక్షలో ఎక్కువమంది ఎక్కడ ఆగిపోతారో కూడా చెప్తాను. యూనివర్సిటీ సర్వరుతో ముడిపడిన ల్యాప్‌టాప్ అయితే, క్యాంపస్ నెట్‌వర్క్‌లో ఉండగా మీ పేరుతో ఒక్కసారైనా లాగిన్ అయి ఉండాలి. అప్పుడే అది మీ పాస్‌వర్డ్‌ని గుర్తుపెట్టుకుంటుంది. అలా చెయ్యకుండా ఇంటికి తీసుకెళ్తే పాస్‌వర్డ్ సరైనదే అయినా లోపలికి రానివ్వదు, వీపీఎన్ కలపాలంటే ముందు లోపలికి వెళ్ళాలి. రెండోది ఓటీపీ. రెండంచెల లాగిన్‌కి ఏ నంబరు ఇచ్చారో చూసుకోండి. ఎప్పుడో మానేసిన నంబరో, సెక్షన్‌లో ఇంకెవరి నంబరో ఉంటుంది చాలాసార్లు. యాప్‌తో వచ్చే కోడ్ అయితే, ఫోన్ పోయినప్పటి కోసం ఇచ్చే బ్యాకప్ కోడ్లు కాగితం మీద రాసుకుని బీరువాలో పెట్టండి. మూడోది డిస్క్‌కి వేసే తాళం, బిట్‌లాకర్. ల్యాప్‌టాప్ బస్సులో పోయినా లోపలున్నది ఎవరూ చదవలేకుండా చేసేది అదే, తప్పకుండా వేయించండి. దానికి 48 అంకెల రికవరీ కీ ఉంటుంది. ఒక్కోసారి అప్‌డేట్ తర్వాత ఉన్నట్టుండి అది అడుగుతుంది. ఆ కీ కంప్యూటర్ సెంటర్ దగ్గర భద్రంగా ఉండాలి. ల్యాప్‌టాప్ సంచీలో మాత్రం వద్దు.

కొన్నిచోట్ల ల్యాప్‌టాప్‌లో ఏమీ పెట్టరు, ఆఫీసు డెస్క్‌టాప్‌లోకే ఇంటి నుంచి వెళ్ళి చేసుకోమంటారు. ఇది మంచి పద్ధతే, ఫైళ్ళు ఆఫీసు దాటవు. కానీ ఆ డెస్క్‌టాప్‌నీ సిద్ధం చెయ్యాలి. అరగంట ఎవరూ ముట్టుకోకపోతే నిద్రపోయే సెట్టింగ్ ఉంటుంది, దాన్ని తీసెయ్యాలి. లేకపోతే అది తాళం వేసి ఊరెళ్ళిన ఇల్లే, ఎంత తలుపు తట్టినా పలకదు. కరెంటు పోయి వచ్చాక దానంతటదే ఆన్ అయ్యే ఏర్పాటు బయోస్‌లో ఉంటుంది, కంప్యూటర్ సెంటర్ వాళ్ళు పెట్టిస్తారు. విండోస్ హోమ్ ఎడిషన్‌లోకి రిమోట్ డెస్క్‌టాప్‌తో వెళ్ళడం కుదరదు, ప్రో ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, ఆ దారి వీపీఎన్ లోపల నుంచే ఉండాలి. నేరుగా ఇంటర్నెట్‌కి తెరిచి ఉంచితే, అలా తెరిచున్న తలుపుల కోసమే రాత్రింబవళ్ళు వెతికే దొంగలున్నారు. సెక్షన్ ఊడ్చే అక్కకి కూడా ఓ మాట చెప్పి, స్విచ్ దగ్గర "ఆపవద్దు" అని కాగితం అంటించండి. ఎంత పెద్ద ఏర్పాటైనా ఆ స్విచ్ దగ్గరే ఆగిపోతుంది.

తెలుగులో పనిచేసే సెక్షన్ల వాళ్ళకి ఒక ప్రత్యేకమైన చిక్కుంది, దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. మన ఆఫీసుల్లో సర్క్యులర్లు, ఆహ్వాన పత్రాలు, ప్రశ్నపత్రాల తెలుగు భాగాలు ఏళ్ళ తరబడి అను ఫాంట్లలో టైపు చేస్తూ వచ్చారు. ఆ ఫైలుని ఇంటి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే ఇంగ్లీషు అక్షరాలూ, చుక్కలూ, వింత గుర్తులూ కలగాపులగంగా కనిపిస్తాయి. ఫైలు పాడైపోయిందని కంగారుపడతారు. పాడవ్వలేదు. ఆ పద్ధతిలో తెలుగు అక్షరం లోపల ఇంగ్లీషు అక్షరపు సంకేతంగానే నిల్వ ఉంటుంది, ఆ ఫాంటు ఉంటేనే తెలుగుగా కనిపిస్తుంది. ఆ ఫాంటూ సాఫ్ట్‌వేరూ సెక్షన్‌లో ఒక్క సిస్టమ్‌లోనే ఉంటాయి. అందుకని ఇంటికి వెళ్ళే ముందే ముఖ్యమైన నమూనాలని, అంటే ప్రొసీడింగ్స్, మెమోలు, ధ్రువపత్రాల ముసాయిదాలని, యూనికోడ్‌లోకి మార్పించుకోండి. మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. కానీ మార్చాక వత్తులూ, పేర్లూ, అంకెలూ ఒక్కొక్క పంక్తీ చదివి సరిచూడాలి. విద్యార్థి ఇంటిపేరులో ఒక్క వత్తు పోతే ఆ పిల్ల ఎన్నేళ్ళు తిరగాలో మీకు నేను చెప్పనక్కర్లేదు.

యూనికోడ్‌కి విడిగా ఏమీ కొనక్కర్లేదు. గౌతమి ఫాంటు విండోస్ ఎక్స్‌పీ నాటి నుంచీ ఉంది, నిర్మలా యూఐ విండోస్ 8 నుంచీ సిస్టమ్‌తోనే వస్తోంది. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లోపలే ఉంటుంది. ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి తెలుగు తెచ్చుకునే ఫొనెటిక్ కీబోర్డు కూడా విండోస్ 10లో 2019 నుంచి ఉంది. అను మీద చెయ్యి తిరిగిన అక్కలకి మొదటి వారం చాలా విసుగ్గా ఉంటుంది, ఆ బాధ నిజమైనదే. ఇరవై ఏళ్ళ వేళ్ళ అలవాటు మార్చుకోమని అడుగుతున్నప్పుడు ఆఫీసు వాళ్ళకి ఒక వారం శిక్షణ ఇవ్వాలి, ఆ వారం పని తగ్గించాలి. ఇది కూడా సిద్ధం చెయ్యడంలో భాగమే.

డిజిటల్ సంతకం టోకెన్ల సంగతికి వద్దాం. యూఎస్‌బీలో పెట్టే ఆ చిన్న టోకెన్ అధికారి పేరున ఉంటుంది. చాలామంది అధికారులు దాన్నీ పిన్‌నీ కింది ఉద్యోగికి ఇచ్చేసి "బిల్లులు పెట్టెయ్యమ్మా" అంటారు. ఆఫీసులో అలవాటైపోయిన పని, ఇంటి నుంచి చేసేటప్పుడు ఇంకా ప్రమాదం. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ప్రకారం ఆ సంతకం చేత్తో పెట్టిన సంతకంతో సమానం. దాన్ని మీ హ్యాండ్‌బ్యాగులో వేసుకుని తిరగొద్దు తల్లీ. "సార్, బిల్లు నేను తయారుచేసి పంపుతాను, టోకెన్ మీరు పెట్టండి" అని మర్యాదగా, గట్టిగా చెప్పండి. ఆయన ఇంట్లో సిస్టమ్‌లో ఆ టోకెన్ డ్రైవర్ వేయించే బాధ్యత కంప్యూటర్ సెంటర్‌ది.

కొన్ని పనులు అసలు గడప దాటకూడదు. కాన్ఫిడెన్షియల్ సెక్షన్‌లోని ప్రశ్నపత్రాలు, ఖాళీ మెమోల కట్టలు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ కారణంతోనూ ఇంటికి రావద్దు. ఎవరు ఒత్తిడి చేసినా కాదనండి. వాటికోసం వారంలో ఒక రోజు ఆఫీసుకి వెళ్ళడం నయం.

సంస్థ సిస్టమ్ ఇవ్వలేకపోయింది, ఇంట్లో ల్యాప్‌టాప్ మీదే చెయ్యాలి అంటారా? నాకు ఇష్టం లేని దారే, కానీ తప్పదంటే ఇలా చెయ్యండి. మీకంటూ విడిగా ఒక యూజర్ ఖాతా తెరవండి, దానికి పిల్లలకి తెలియని పాస్‌వర్డ్ పెట్టండి. బాబు ఎక్కడి నుంచో దించుకున్న ఉచిత గేములు, క్రాక్ చేసిన సాఫ్ట్‌వేరు ఉంటే ముందు అవి తీసెయ్యాలి. వైరస్‌లు తరచూ వాటితో వస్తాయి. ఆఫీసు ఫైలు ఆ ల్యాప్‌టాప్‌లో దాచకుండా, యూనివర్సిటీ ఇచ్చిన డ్రైవ్‌లోనే తెరిచి అక్కడే మూసెయ్యండి. ఎందుకింత చెప్తున్నానంటే, అడ్మిషన్ల ఫైలు ఒక్కటి తెరిస్తే చాలు, వందల మంది ఆడపిల్లల ఫోన్ నంబర్లు, హాస్టల్ గదులు, ఊళ్ళు, ఆధార్ సంఖ్యలు, బ్యాంకు ఖాతాలు. ఆ జాబితా వాట్సాప్‌లో ఒక గ్రూపు నుంచి ఇంకో గ్రూపుకి పోతే, ఎవడో ఒకడు ఆ పిల్లకి అర్ధరాత్రి ఫోన్ చేస్తాడు. 2023లో వ్యక్తిగత డిజిటల్ డేటా రక్షణ చట్టం వచ్చింది, సంస్థకి జరిమానా ఉంటుంది, అది సరే. నాకు ఆ పిల్ల భయమే ముందు కనిపిస్తుంది. జాబితాలు వాట్సాప్‌లో పంపకండి. పంపమన్న అధికారికి ఆఫీసు మెయిలులో పంపండి.

మోసగాళ్ళకీ ఇలాంటి సమయాలే కావాలి. "కంప్యూటర్ సెంటర్ నుంచి మాట్లాడుతున్నాం, ఎనీడెస్క్ వేసుకుని ఆ కోడ్ చెప్పండి మేడమ్" అని ఫోన్ వస్తుంది. ఆ కోడ్ చెప్తే మీ సిస్టమ్‌ని వాళ్ళు దూరం నుంచే నడుపుతారు. రిజర్వ్ బ్యాంకు 2019లోనే ఈ తరహా మోసం గురించి బ్యాంకులని హెచ్చరించింది. వచ్చిన ఫోన్‌కి ఎప్పుడూ కోడ్ చెప్పకండి. పెట్టేసి, మీకు తెలిసిన నంబరుకి మీరే చేసి అడగండి. డబ్బు పోయిందనిపిస్తే ఆ నిమిషమే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చెయ్యండి, ఇంట్లో వాళ్ళు తిడతారని ఆగొద్దు. మొదటి గంటల్లో చెప్తేనే ఖాతా ఆపగలుగుతారు.

కరెంటు సంగతి ఏ ఐటీ విభాగమూ చెప్పదు, నేను చెప్తాను. డెస్క్‌టాప్ ఇంటికి తెచ్చుకుంటే ముందు ప్లగ్ పాయింటుకి ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. క్యాబినెట్ ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందంటే అక్కడితో ఆపెయ్యాలి, మూడు పిన్నుల ప్లగ్‌లో ఒక పిన్ను విరిచి రెండు పిన్నుల సాకెట్‌లో గుచ్చడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. యూపీఎస్ ఇచ్చేది ఫైలు దాచుకుని ఆపెయ్యడానికి సరిపడా నిమిషాలే, పని సాగించడానికి కాదు. ల్యాప్‌టాప్‌కి సొంత బ్యాటరీ ఉంది కానీ వైఫై రౌటరుకి లేదు. 12 వోల్టుల రౌటరుకి పెట్టే చిన్న యూపీఎస్ బజారులో దొరుకుతుంది, కోతలున్న ఊళ్ళో అది చాలా అక్కరకొస్తుంది. ఉరుములు మొదలైతే కరెంటు ప్లగ్‌తో పాటు రౌటరుకి వచ్చే కేబుల్ కూడా తీసెయ్యండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద పడ్డప్పుడు ఆంధ్రా విశ్వవిద్యాలయం క్యాంపస్ ఎంత దెబ్బతిందో అక్కడివాళ్ళకి తెలుసు. ఊరంతా కరెంటూ ఫోన్లూ లేనప్పుడు ఇంటి నుంచీ ఆఫీసు నుంచీ కూడా పని జరగదు. అప్పుడు మిగిలేది వేరే ఊళ్ళో ఎక్కడో భద్రంగా ఉన్న నకలు ఒక్కటే. మీ సెక్షన్ డేటా నకలు క్యాంపస్ బయట ఎక్కడుందో ఒకసారి అడగండి.

పాఠాలు చెప్పే చెల్లెళ్ళకి ఒక మాట. క్యాంపస్‌లో జర్నళ్ళు తెరుచుకునేది క్యాంపస్ నెట్‌వర్క్ వల్ల, ఇంట్లో అవే డబ్బు అడుగుతాయి. లైబ్రరీకి వెళ్ళి ఇన్‌ఫెడ్ ఖాతా ఉందేమో కనుక్కోండి, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే ఏర్పాటు అది. ఎక్కడి నుంచైనా మీ యూనివర్సిటీ పేరుతో లోపలికి వెళ్ళొచ్చు. 2025 జనవరి నుంచి ఒకే దేశం ఒకే చందా పథకం కింద ప్రభుత్వ విద్యాసంస్థలకి 30 మంది ప్రచురణకర్తల 13,000 దాకా జర్నళ్ళు అందుతున్నాయి. పీహెచ్‌డీ చేస్తూ చంటిబిడ్డతో ఇంట్లో ఉన్న అమ్మాయికి ఇది ఎంత మేలో చెప్పలేను.

కూర్చునే చోటు గురించి కూడా అడగడానికి వెనకాడకండి. ల్యాప్‌టాప్‌ని ఒళ్ళో పెట్టుకుని మంచం మీద వంగి చేస్తే నెల తిరక్కుండా మెడ పట్టేస్తుంది. నాలుగు లావు పుస్తకాలు పేర్చి తెరని కళ్ళ ఎత్తుకి తెచ్చి, విడి కీబోర్డు, మౌస్ పెట్టుకోండి. ఆ రెండింటినీ కూడా ఇండెంటులో రాయించండి. హెడ్‌సెట్ తప్పకుండా కావాలి. కుక్కర్ విజిల్ కోసం కాదు, విద్యార్థి సమస్య చెప్పుకుంటుంటే ఇంటిల్లిపాదీ వినకూడదు కాబట్టి. పని వేళల్లో మిమ్మల్ని పిలవొద్దని ఇంట్లో నోరు తెరిచి చెప్పండి. అత్తగారికీ ఆయనకీ చెప్పడం ల్యాప్‌టాప్ సెట్ చెయ్యడం కంటే కష్టమని నాకు తెలుసు, అయినా చెప్పండి.

ఔట్‌సోర్సింగ్, టైమ్ స్కేల్ ఉద్యోగులు ఈ లెక్కల్లో ఎక్కడా కనబడరు. పరికరాల జాబితా తయారవుతున్నప్పుడు "వాళ్ళు ఏజెన్సీ వాళ్ళు కదా" అని పక్కన పెట్టేస్తారు. కానీ డేటా ఎంట్రీ అంతా చేసేది వాళ్ళే, అతి తక్కువ జీతంలో సొంత ఫోన్ డేటా ఖర్చుపెట్టేదీ వాళ్ళే. మీరు సూపరింటెండెంటు స్థానంలో ఉంటే మీ నోట్‌లో ఆ అమ్మాయిల పేర్లు మొదట రాయండి. ఏజెన్సీకి ఇవ్వడం కుదరదంటే, సెక్షన్ పేరున తీసుకుని వాళ్ళకి అప్పగించే వీలుందేమో అడగండి.

తిరిగి ఇచ్చేటప్పుడు సంగతి చెప్పి ముగిస్తాను. బదిలీ అయినా, రిటైరైనా, ల్యాప్‌టాప్ ఎవరి చేతికో ఇచ్చేసి రాకండి. ముందు మీ సొంత ఫొటోలు, బ్రౌజరులో దాచుకున్న పాస్‌వర్డ్‌లు, బ్యాంకు లాగిన్లు తీసెయ్యండి. ఆఫీసు ఫైళ్ళు సెక్షన్ డ్రైవ్‌లోకి చేరాయని మీ తర్వాత వచ్చే ఉద్యోగికి చూపించండి. తర్వాత కంప్యూటర్ సెంటర్ వాళ్ళతో డిస్క్ పూర్తిగా తుడిపించి, స్టోర్స్‌లో అప్పగించి, తీసుకున్న రోజు మీ పేరు రాసిన అదే వరుసలో "తిరిగి అందినది" అని తేదీతో సంతకం చేయించండి. రిటైరయ్యే రోజు నో డ్యూస్ సర్టిఫికెట్ ఆ సంతకం మీదే ఆధారపడుతుంది. పెన్షన్ కాగితాలు దాని తర్వాతే కదులుతాయి.